పైల్వాన్‌కు రాసిన పథ్యం

నా ఉద్యోగమంతా నోరులేని జీవాల మధ్యనే గడిచింది. పశువుల దవాఖానాలో డ్రెస్సరుగా చేరి, పుండ్లు కడుగుతూ, కట్లు కడుతూ, గిట్టల్లో దిగిన మేకులు పీకుతూ ముసలివాణ్ణయ్యాను. మనుషుల దవాఖానాలో పనిచేసినవాళ్ళు పాత సంగతులు మొదలుపెడితే పదిమంది చుట్టూ చేరతారు. నేను నోరు విప్పితే మా ఇంట్లోవాళ్ళే ‘మళ్ళీ గేదెల పురాణమా’ అని లేచిపోతారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితం లేచిపోదు కదా.

ఇది చదివే చిన్నవాళ్ళకు ముందే ఒక మాట చెబుతాను. ఇందులో రోగి ఒక దున్నపోతు. వైద్యం జరిగింది మాత్రం మనిషికి. మనుషుల పేర్లు రాయను, ఎందుకంటే వాళ్ళ మనవలు ఇప్పటికీ కార్వాన్ బస్తీలో తెల్లవారకముందే పాలు పోస్తున్నారు. దున్నపోతు పేరు రాస్తే ఎవరికీ నామోషీ లేదు. దాని పేరు పైల్వాన్.

అవి పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులు. మా దవాఖానా మూసీ ఒడ్డుకు దగ్గరగా ఉండేది. మొత్తం ముగ్గురం. డాక్టర్ సాబ్ ఉత్తరాదిన చదువుకుని వచ్చిన మనిషి. నమాజు తప్పేవారు కాదు. సేంది కుండ ఎదురైతే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్క గల్లీలోంచి వెళ్ళేవారు. సేంది అంటే ఈత కల్లు, మా పాతబస్తీలో దానికి అదే పేరు. ఇక మా కాంపౌండరు సరిగ్గా దానికి తిరగేసిన మనిషి. ఆయన లెక్కలో లోకంలో ఉన్నది ఒకటే రోగం, వేడి. గుర్రం కుంటితే వేడి చేసింది, ఆవు మేత ముట్టకపోతే వేడి చేసింది, డాక్టర్ సాబ్ కసురుకుంటే ఆయనకూ వేడి చేసింది. అన్నింటికీ మందు కూడా ఒకటే, ఒక ముంత సేంది. సేంది చలువ అని ఊరందరి నమ్మకం. తట్టు పోసిన పసిపిల్లలకు కూడా చెంచాతో పట్టే తల్లులుండేవారు. కాబట్టి కాంపౌండరును తప్పుపట్టడానికి లేదు, ఆయన గొంతులో ఉన్నది ఊరి మాటే.

మూడోవాణ్ణి నేను. నాకు సేంది అంటే భయం. మా బాపు చలువకని మొదలుపెట్టి, ధూల్‌పేట్ సారా దాకా పోయి, నాకు మీసాలు రాకముందే కన్నుమూశాడు. ఆ సంగతి ఇంతకన్నా రాయను.

పైల్వాన్ ఉన్న ఇల్లు కార్వాన్‌లో ఒక ఇరుకు గల్లీలో. ముందర కొట్టం, వెనక ఇల్లు. ఇంట్లోకి పోవాలంటే గేదెల మధ్య నుంచే పోవాలి, వేరే తోవ లేదు. కొత్త కోడలైనా, జమేదారైనా పేడ తొక్కకుండా ఆ గడప ఎక్కినవాళ్ళు లేరు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇంటికి పెద్ద తాత. గల్లీలో పాలవాళ్ళందరికీ ఆయన మాటే మాట. మనుషుల విషయంలో ఎవరు చెప్పినా వినడు, పశువుల విషయంలో డాక్టర్ సాబ్ ఏం చెబితే అది వేదం. ఆయన కొడుకు మంచి పనివాడే గాని, పొద్దు గూకితే ముంత లేకుండా ఉండలేడు. కోడలు పాలు పిండేది, నోరెత్తేది కాదు. ఒకసారి నేను వాళ్ళ గేదె గిట్టకు కట్టు మార్చడానికి వెళితే, పశువులకు పూసే లేపనం కాస్త తనకూ ఇమ్మని అడిగింది. చెయ్యి కమిలిపోయి ఉంది. ఏమైందమ్మా అంటే బర్రె తన్నిందంది. నేను పశువుల దవాఖానా మనిషిని, బర్రె తన్నిన దెబ్బ ఎలా ఉంటుందో నాకు తెలియదా? లేపనం ఇచ్చి వచ్చాను.

ఆమె కొడుకే ఈ కథలో పిల్లవాడు. పదహారేళ్ళుంటాయి. పైల్వాన్ వాడి వెంట కుక్కపిల్లలా తిరిగేది. ఆ యేడు సదర్‌కు దాన్ని పట్టుకుని నడిపించేది వాడేనని తాత తేల్చేశాడు. సదర్ అంటే దీపావళి వెళ్ళగానే మా పాలవాళ్ళు దున్నపోతులకు నూనె రాసి, పూలు చుట్టి, గజ్జెలు కట్టి ఊరేగించే పండుగ. అప్పట్లో ఇప్పుడున్నంత హంగామా లేదు, కానీ ముకుతాడు చేతికొచ్చిన కుర్రవాడు ఆ రోజునుంచి మగవాళ్ళ లెక్కలో పడేవాడు.

ఆ లెక్కకు ఒక ముందు తంతు ఉండేది. బోనాలు కాగానే దున్నకు తాలీము మొదలయ్యేది. సాయంత్రం పూట కొట్టంలో దాన్ని ముందు కాళ్ళెత్తి నిలబెట్టడం, డప్పుకు బెదరకుండా నడిపించడం నేర్పేవారు. అది అయ్యాక తాత తన చేత్తో పిల్లవాడికి సేంది ముంత అందించేవాడు. తాతకు వాళ్ళ తాత అలాగే అందించాడట. పిల్లవాడికి ముగ్గురు దోస్తులు. గజ్జెల పట్టా భుజాన వేసుకుని తిరిగే పెద్దవాడు వాళ్ళకు సర్దారు. సేందిఖానా నుంచి కుండ మోసుకొచ్చేది వాడే. ఎవడైనా వెనకాడితే, ‘తాగనోనికి ముకుతాడెందుకు, గాజులు తొడగండ్రి’ అని నవ్వేది కూడా వాడే. ఆ ఒక్క నవ్వుకు జడిసి ఆ గల్లీలో ఎంతమంది మొదటి గుక్క మింగారో దేవుడికి తెలియాలి.

నేను ఆ గిట్ట పుండు కోసం కొన్నాళ్ళు సాయంత్రాలు వెళ్ళాను. పిల్లవాడు ముంత అందుకోవడం, తాత ముందు తాగడం మర్యాద కాదని అటు తిరగడం, ఖాళీ ముంత బోర్లించి చూపించడం నా కళ్ళారా చూశాను. తర్వాత కాస్త ఊగేవాడు కూడా. దోస్తులు వీపు చరిచేవారు. ఒకరోజు వాణ్ణి పక్కకు పిలిచి మా బాపు సంగతి చెప్పాను. తల వంచుకుని విన్నాడు. ఇంకొకడు పోయాడనుకుని బరువుగా ఇంటికొచ్చాను.

దసరా వెళ్ళిన మర్నాడు పైల్వాన్‌ను మా దవాఖానాకు తోలుకొచ్చారు. తోలుకొచ్చారనడం మర్యాదకు. నలుగురు కుర్రాళ్ళు, తాత కలిసి నెట్టుకొచ్చారు. దాని నడక ఒక పక్కకు, చూపు ఇంకో పక్కకు. నోట చొంగ. గేటు దగ్గర మోకాళ్ళ మీద కూలబడింది.

డాక్టర్ సాబ్ దవడ పట్టి చూశారు, కళ్ళు చూశారు. నేను నా హుషారు నేను చూపించాలి కదా, ఒళ్ళంతా తడిమి వెనక కాలి మీద మానిన గాయం మచ్చ ఒకటి పట్టుకున్నాను. వానాకాలంలో ఆ గల్లీలో పిచ్చికుక్క ఒకటి తిరిగి ఒక మేకను కరిచిన మాట అందరికీ గుర్తే. నేను మచ్చ చూపించగానే డాక్టర్ సాబ్ మొహం మారిపోయింది. దాన్ని వేరే షెడ్డులో గొలుసుతో కట్టించి, ఎవరూ దగ్గరికి పోవద్దన్నారు. కొన్నాళ్ళు కనిపెట్టి చూస్తే తేలుతుందన్నారు. కాంపౌండరు మాత్రం వేడి చేసిందని, ఒక ముంత సేంది పడితే లేచి కూర్చుంటుందని అన్నాడు. ఎప్పుడూ అనే మాటే కాబట్టి ఎవరూ చెవిన పెట్టలేదు.

ఇక చూడండి మా కనిపెట్టడం. మర్నాటికి తూలడం తగ్గింది గాని, ఒళ్ళు వణకడం మొదలైంది. కుడితి పెడితే మూతి పెట్టి తిప్పుకుంది. నీళ్ళు పెడితే తొట్టి తన్నేసింది. పొద్దు వాలేసరికి మెడ చాచి ఒకటే రంకె. ఆ మరుసటి రోజు ఇంకా ఎక్కువ. గొలుసు తెంపుకునేట్టు గింజుకునేది, కొమ్ములతో గోడను కుమ్మేది. పుస్తకాల్లో పిచ్చి లేచిన పశువుకు ఏమేం లక్షణాలు రాశారో అన్నీ వరసగా చూపిస్తూ పోయింది. మింగలేకపోవడం వాటిలో పెద్ద గుర్తు. గొంతు పడిపోతుంది, నీళ్ళు ముందరున్నా తాగలేదు.

డాక్టర్ సాబ్ ఇక ఆగలేదు. పైకి కబురు పంపారు. తుపాకీతో పోలీసు జవాను వస్తాడని, దున్నను కాల్చి సున్నం వేసి పూడ్చాలని అన్నారు. దాని నోట్లో చెయ్యి పెట్టిన ప్రతి మనిషీ పొట్టలో సూదులు పొడిపించుకోవాలన్నారు. ఆ మాటకు గాజులు తొడగమన్న సర్దారు గోడకు జారబడి కూర్చున్నాడు. తాతకు సూదుల ధ్యాస లేదు. షెడ్డు ఊచలు పట్టుకుని పైల్వాన్‌ను చూస్తూ నిలబడ్డాడు. దాన్ని దూడప్పటి నుంచి పెంచినవాడు. అంత పెద్దమనిషి తలపాగా కొసతో కళ్ళు తుడుచుకుంటుంటే నేను చూడలేక లోపలికి వెళ్ళిపోయాను.

జవాను రావలసిన రోజు పొద్దున నేను నల్లా దగ్గర చీము గిన్నెలు కడుగుతున్నాను. వెనక ఎవరో నిలబడ్డట్టయితే తిరిగి చూశాను. పిల్లవాడు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

“అన్నా, పైల్వాన్‌కు పిచ్చి లేదు,” అన్నాడు.

లేకపోతే బాగుండునురా, కానీ డాక్టర్ సాబ్ కంటే నీకు ఎక్కువ తెలుసా అన్నాను.

“దానికి సేంది గావాలన్నా. రోజు తాగుతది. బోనాలప్పటిసంది తాగుతది.”

గిన్నె నా చేతిలోంచి జారింది. ఎవరు తాపిండ్రురా అన్నాను.

“నేనే. తాత ఇచ్చిన ముంత నేను ఎన్నడు తాగలే. అటు తిరిగి కుడితి గోలెంల పోసిన.”

ఒక్కసారిగా అంతా కళ్ళకు కట్టింది. పెద్దల ఎదుట మొహం తిప్పుకుని తాగడం మర్యాద. ఆ మర్యాద చాటున కుడితి తొట్టి ఉంది. కొట్టంలో వెలుతురు అంతంత మాత్రం. ముంత ఖాళీ అయిందా లేదా అని చూసేవారే గాని ఎక్కడ ఖాళీ అయిందో ఎవరు చూస్తారు? దసరానాడు దోస్తులు ధూల్‌పేట్ నుంచి సారా తెచ్చారట. తన వంతు దాన్ని కూడా వాడు గోలెంలోనే పోశాడు. పైల్వాన్ కుడితితో పాటు అదీ లాగించి మర్నాడు తూలింది. మేము తెచ్చి కట్టేశాం. సేంది అందక వణికింది, రంకెలు వేసింది, వట్టి నీళ్ళు మూతికి తగిలితే తన్నేసింది. మేము కనిపెట్టే కొద్దీ దానికి పిచ్చి ముదరడమెందుకో అప్పుడు తెలిసింది.

మరి నువ్వు ఎందుకు తాగలేదురా అని అడిగాను.

“గా వాసనొస్తే బాపు యాదికొస్తడన్నా. అమ్మ యాదికొస్తది,” అన్నాడు. మళ్ళీ అన్నాడు, “తాగిన అంటే మా ఇంట్ల ఎవ్వరు ఏమనరు. తాగలే అని జెప్పాలంటెనే సిగ్గయితది. నా దోస్తులకు చెప్పకన్నా, గల్లీల తల ఎత్తుకోలేను.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీడు పోయాడనుకుని నేను ఎన్ని రోజులు కుమిలానో! వీడు పోలేదు. ఊగినదంతా నాటకం. ఒక్క చుక్క వాడి గొంతు దిగలేదు. వాణ్ణి దగ్గరికి తీసుకుని, చీము చేతులని కూడా చూసుకోకుండా తల నిమిరాను. తర్వాత తుపాకీ మాట గుర్తొచ్చి డాక్టర్ సాబ్ గదికి పరుగెత్తాను.

డాక్టర్ సాబ్ అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. చెప్పిందే మళ్ళీ చెప్పమన్నారు. పిల్లవాడి మాట నిజమని ఎలా నమ్మడమని అడిగారు. దున్నను కాపాడుకోవడానికి కట్టిన కథ కావచ్చు, తాను తప్పు చేస్తే ఆ గల్లీ అంతా ప్రమాదంలో పడుతుందన్నారు. కొంచెంసేపు బల్ల మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చుని, చివరికి కాంపౌండరును కేకేశారు.

“ఏక్ ఘడా సేంది మంగావో,” అన్నారు, అంటే ఒక కుండ సేంది తెప్పించమని.

కాంపౌండరు తన చెవులను తానే నమ్మలేదు. నమ్మాక ఆయన ఒక క్షణం కూడా ఆగలేదు. తానే వెళ్ళి కుండ భుజాన పెట్టుకొచ్చాడు. మొదటినుంచీ తాను చెబుతున్నది ఇదేనని దారి పొడుగునా అందరికీ చెబుతూ వచ్చాడట. ఈలోగా జవాను రానే వచ్చాడు. తుపాకీ మోకాళ్ళ మీద పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. కుండ లోపలికి పోతుంటే మెడ తిప్పి మరీ చూశాడు.

డాక్టర్ సాబ్ గేటు బయటి జనాన్ని, దోస్తులను దూరంగా పంపించారు. లోపల తాత, పిల్లవాడు, మేము ముగ్గురం, జవాను. ముక్కుకు రుమాలు కట్టుకుని డాక్టర్ సాబ్ ఊచల దగ్గరికి వచ్చారు. పిచ్చి లేచినదైతే మింగలేదని, నోట్లోకి తీసుకున్నా బయటికే పోతుందని, దాని గొంతు కదులుతుందా లేదా అదొక్కటే చూడమని నాకు చెప్పారు. నేను కుండ రెండు చేతులా పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ వెళ్ళాను. పిల్లవాడు కళ్ళు మూసుకున్నాడు.

పైల్వాన్ రంకె మధ్యలో ఆపింది. చెవులు నిక్కబొడిచింది. నేను కుండ ఇంకా పూర్తిగా కింద పెట్టనేలేదు, మూతి దూర్చేసింది. గొంతు కదిలింది. ఒకసారి కాదు, గుటకలు గుటకలుగా కదిలింది. కుండ అడుగంటా నాకి, ఇంకా ఉందేమోనని కొమ్ముతో తోస్తే కుండ పగిలింది. పెంకులు కూడా వదలకుండా నాకి, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, పడుకుని నెమరు వేయడం మొదలుపెట్టింది. మూడు పూటలా కాయకష్టం చేసి ఇల్లు చేరినవాడిలా ఉంది దాని వాలకం.

జవాను లేచి తుపాకీ భుజాన వేసుకున్నాడు. “గీ పిచ్చి మా ఠాణాల చానమందికున్నది సాబ్, అందర్ని కాలుస్తమా?” అనేసి వెళ్ళిపోయాడు. నా గుండెల మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది.

కానీ తాత నవ్వలేదు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. పశువుల మధ్య పండిన మనిషి. దున్నకు సేంది అలవాటు చేసినదెవరో, ఆ సేంది ఎవరి ముంతలోదో ఒక్కొక్కటే పేర్చుకున్నాడు. మనవడి వైపు తిరిగాడు.

“నువ్వు తాగుతలేవారా?” అన్నాడు.

పిల్లవాడు దొంగతనం చేసి దొరికినవాడిలా తల దించుకున్నాడు.

“తాగుతలేను తాతా.”

“మరి గిన్ని దినాలు ఊగుకుంట వస్తివి గదరా.”

“ఊగకుంటె మీరు నమ్మరు గద.”

తాత నేల చూపులు చూస్తూ, “నాకు గూడ మొదట్ల కక్కొస్తుండె,” అని మాత్రం గొణిగాడు. ఆ మాట పిల్లవాడికి వినబడిందో లేదో నాకు తెలియదు. నాకు వినబడింది. డెబ్భై దాటిన మనిషి, ఎవరికీ చెప్పుకోని మాట అది.

అప్పుడు డాక్టర్ సాబ్ గొంతు సవరించుకుని దున్నకు పరహేజ్, అంటే పథ్యం, చెప్పారు. ఒక్కసారి మాన్పించకూడదట, కుడితిలో రోజురోజుకూ తగ్గిస్తూ పోవాలి. ఇది మొదటి సంగతి. రెండో సంగతి ఇంకా ముఖ్యమన్నారు. అలవాటు పడ్డ జంతువు కాబట్టి, సేంది వాసన ముక్కుకు తగిలితే మళ్ళీ పిచ్చెత్తినట్టు అవుతుంది. కనుక దాన్ని పట్టుకునే మనిషి నోట ఒక్క చుక్క పడకూడదు. అసలు తాగిన మనిషి ఎవరూ కొట్టంలో అడుగు పెట్టకూడదు. ఊరేగింపులో అది బెదిరి జనం మీద పడితే బాధ్యత ఇంటి పెద్దదే.

“మా కొడుకు గూడనా సాబ్?” అన్నాడు తాత.

కొడుకైనా, తాతైనా, ఎవరైనా సరే అన్నారు డాక్టర్ సాబ్. తాత చేతులు జోడించి, పైల్వాన్ పాణం కన్న ఎక్కువ కాదు సాబ్ అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక నేను ఉండబట్టలేక అడిగాను. మనిషి నోటి వాసనకు దున్నకు నిజంగా అలా అవుతుందా అని. డాక్టర్ సాబ్ చేతులు కడుక్కుంటూ, “జాన్వర్ కా తో పతా నహీ మియా, లడ్‌కే కా పతా హై,” అన్నారు. దున్న సంగతి తనకు తెలియదట, పిల్లవాడి సంగతి తెలుసట. సబ్బు రెండోసారి రుద్దుకున్నారు. సేంది కుండ ఆయన ముట్టుకోనే లేదు, అయినా.

ఇప్పుడు ఆ కొట్టం తోవ గుర్తు తెచ్చుకోండి. తాత పథ్యాన్ని మామూలుగా పాటించలేదు, పట్టుదలగా పాటించాడు. కొడుకు సాయంత్రం ముంత వేసుకుని గల్లీ మలుపు తిరిగేసరికి తాత కర్ర అడ్డం పెట్టి గడపలో కూర్చునేవాడు. “దున్నకు వాసన తగుల్తది, పో,” అనేవాడు. కొడుకు మొదట్లో లొల్లి పెట్టాడట. తండ్రితో కొట్లాడవచ్చు గాని డాక్టర్ సాబ్ పథ్యంతో ఎలా కొట్లాడతాడు? వాసన పోయేదాకా పక్కవాళ్ళ అరుగు మీద పడుకుని, పొద్దున మొహం కడుక్కుని ఇంట్లోకి వచ్చేవాడు. వాడు తాగుడు పూర్తిగా మానలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ తాగి ఇంట్లోకి రావడం పోయింది. తర్వాత నేను ఇంకో గేదె కోసం వెళ్ళినప్పుడు ఆ తల్లి పాలు పిండుతూ నన్ను చూసి, మజ్జిగ ఇమ్మంటావా అన్నా అని అడిగింది. అవసరం లేకుండా ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు. చేతులు రెండూ బాగున్నాయి. లేపనం అడగలేదు.

సదర్‌నాడు నేను, కాంపౌండరు వెళ్ళాం. పైల్వాన్ ఒళ్ళు నల్లరాయిలా మెరుస్తోంది. డప్పులు మోగుతుంటే పిల్లవాడు ముకుతాడు పట్టుకుని గల్లీలోంచి వచ్చాడు. దోస్తుల్లో ఒకడు ముంత ముందుకు చాచాడు. పిల్లవాడు తల అడ్డంగా తిప్పి, “డాక్టర్ సాబ్ వద్దన్నడు, దున్నకు పడది,” అన్నాడు. వెనక నుంచి తాత, “ఎవడ్రా ముంత తెచ్చింది, అవతలికి పోండ్రి,” అని గద్దించాడు. అంతే. ఎవరూ నవ్వలేదు, గాజుల మాట ఎవరూ ఎత్తలేదు. పైల్వాన్ ముందు కాళ్ళు ఎత్తి నిలబడితే గల్లీ అంతా ఈలలు వేసింది. నాకు మాత్రం కళ్ళు మసకలయ్యాయి. మా బాపుకు కూడా ఇలాంటి సాకు ఎవరైనా ఇచ్చి ఉంటే, అనుకున్నాను.

కథ ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. దీపావళి ప్రమిదలు ఇంకా గోడల మీద ఉండగానే, ఒకరోజు సర్దారు మా దవాఖానాకు వచ్చాడు. వెంట ఒక గేదె. గజ్జెల పట్టా లేదు, హోదా లేదు. ఏమైంది దీనికి అని అడిగాను.

“ఏం గాలే అన్నా,” అన్నాడు. అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగాడు. “వాడు గోలెంల పోస్తుంటె నేను ఎప్పుడో చూసిన. ఎవ్వరికి జెప్పలే.”

ఎందుకు చెప్పలేదురా, నువ్వే కదా అందరినీ గాజులు తొడుక్కోమనేవాడివి అన్నాను.

“నాకు గూడ పోసుకోనీకి ఒక దున్న ఉంటె మంచిగుండు అనుకున్న,” అన్నాడు. “మా ఇంట్ల అన్నలున్నరు, తాగకుంటె బతకనియ్యరు. దీనికి గూడ పైల్వాన్ రోగమే ఉన్నదని డాక్టర్ సాబ్‌తోని చెప్పియ్యన్నా.”

నేను లోపలికి వెళ్ళి డాక్టర్ సాబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన బయటికి వచ్చి గేదె నాలుక చూశారు, కనురెప్ప ఎత్తి చూశారు, డొక్క మీద చెవి పెట్టి విన్నారు. దీన్ని చూసుకునేదెవరని అడిగారు. నేనే సాబ్ అన్నాడు వాడు. డాక్టర్ సాబ్ తల పంకించి, లక్షణాలు కనబడుతున్నాయని, పరహేజ్ వీడి ఇంటికి వెళ్ళి పెద్దవాళ్ళందరికీ గట్టిగా చెప్పి రమ్మని నాకు పురమాయించారు.

నేను చెప్పి వచ్చాను. ఆ గేదె నిగనిగలాడుతూ, పూటకు తొట్టెడు కుడితి తాగుతూ ఉండేది. నా సర్వీసు మొత్తంలో అంత ఆరోగ్యమైన రోగిని మళ్ళీ చూడలేదు.